కవిగృహమున లోపాదేశములు

కవి గతించిన పిదప నాతని యింటిని కాపాడి చూపుట మన దేశమున ప్రాచీనాచారము కాదు. నన్నయ తిక్కనాదుల గ్రంథములు మిగిలినవి. వారు వసించిన గృహములు మిగులలేదు. అందులకు మన పూర్వులు చింతించినట్లును కానరాదు. కవికి యశమే కాయము, దానికి జరామరణములు లేవు, అట్టియెడ మట్టిగోడలతో నేమి పని యని వారి తలంపు కావచ్చును. ఈ తలంపు త్రోసిపుచ్చదగినది కాదు. కావ్యార్థము కావ్యమునుండియే తెలియవలయును గాని కవి కూర్చున్న పీటనుండి తెలియదు. కవి జీవితమును వెదకుచు కావ్యమును విడుచుట, పండును విడిచి చెట్టుబెరడును నమలుట వంటిది.

అయినను కాలము మాఱినది. రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారి గృహమును, విజయనగరమున గురజాడ అప్పారావుగారి గృహమును స్మారకములుగా నిలిచియున్నవి. పాఠశాలల బాలురు ఇట్టి గృహములను చూడబోవుదురు. బాలుర వెంట పండితుడును పోవును. ఏదేని యొక స్మారకగృహమున నొక కుర్చీని చూపి ‘కవి యిందే కూర్చుండి వ్రాసెను’ అని యెవరైన చెప్పినచో, ఆ మాటకు ప్రమాణమేమి యని విచారింపవలసినవాడు పండితుడే. తాళపత్రమున నొక యక్షరము సందిగ్ధమైనచో పది ప్రతులు తిరుగవేసి చూచువాడు, ఇంటిలోని వస్తువునెడ మాత్రము విన్నదెల్ల నమ్ముట తగునా?

కావున ప్రశ్న యిది. కవిగృహము కావ్యపాఠకునకు ప్రమాణమగునా? అగునేని యెంతవఱకు? భక్తికొఱకు పోవువానికి ఈ ప్రశ్న లేదు. అర్థజ్ఞానముకొఱకు పోవువానికి ఇది యావశ్యకము. దీనిని విచారించుటకు ఆంగ్లకవియగు జాన్ కీట్సు నివసించిన రెండు గృహములు తగిన లక్ష్యములు. ఒకటి లండను నగరమున హాంప్‌స్టెడ్డునందున్నది. రెండవది రోము నగరమున నున్నది. మొదటిదానిలో నతడు జీవించెను, రెండవదానిలో మరణించెను. మొదటిదానిలో కవికాలపు కట్టడము చాలవఱకు నిలిచినది. రెండవదానిలో కవి గదియందు మిగిలినది మిక్కిలి స్వల్పము. రెండును నేడు ప్రదర్శనశాలలే. ఒకే కవి, రెండు విధములైన గృహములు; కాబట్టి యొకచోట కుదిరిన నియమము రెండవచోట కుదురునో లేదో పరీక్షించుట సుకరము.

కీట్సు 1795 అక్టోబరు 31వ తేదీని లండనులో జన్మించెను. వైద్యశిక్షణము పొంది, 1816లో ఆ వృత్తికి అనుజ్ఞాపత్రము బడసియు, దానిని విడిచి కవిత్వమునకే యంకితుడయ్యెను. 1817, 1818, 1820 సంవత్సరములందు మూడు సంపుటములు ప్రకటించెను. 1821 ఫిబ్రవరి 23వ తేదీ రాత్రి క్షయవ్యాధిచే మృతినొందెను. అప్పటికి వయస్సు ఇరువదియైదేండ్లు.

హాంప్‌స్టెడ్డులోని గృహమునకు వెంట్‌వర్త్ ప్లేసు అని నాటి పేరు. 1814, 1816 సంవత్సరముల నడుమ డిల్కు, బ్రౌను అను మిత్రులిద్దఱు దీనిని కట్టించిరి. వెలుపలనుండి చూచువానికి ఒక్క యిల్లే. లోపల నడిగోడచే వేఱుచేయబడిన రెండిండ్లు. 1818 డిసెంబరు 1వ తేదీని తమ్ముడు టాము క్షయచే మరణింపగా, ఒంటరియైన కీట్సును బ్రౌను తన భాగమునకు రప్పించుకొనెను. 1819 ఏప్రిలులో బ్రాను అను ఇంటిపేరుగల కుటుంబము రెండవ భాగమున నద్దెకు దిగెను. ఆ కుటుంబమున పెద్దకొమార్తె ఫానీ. కవి యామెను ప్రేమించెను. వివాహనిశ్చయమయ్యెను, వివాహము మాత్రము జరుగలేదు. కీట్సు కీర్తికి మూలములైన గీతములలో పెక్కులు ఆ 1819 వసంతముననే పుట్టినవి.

1820 ఫిబ్రవరి 3వ తేదీ రాత్రి కీట్సు నగరమునుండి బండిపై వెలుపలి పీఠమున కూర్చుండి చలిలో ప్రయాణముచేసి యింటికి వచ్చెను. పండుకొనబోవుచు దగ్గెను, దుప్పటిపై నెత్తురుచుక్క పడెను. దీపము తెప్పించి చూచి, అది ధమనీరక్తమనియు, తనకు మరణశాసనమనియు బ్రౌనుతో చెప్పెను. వైద్యము చదివినవాడు గనుక నాతనికి సంశయము కలుగలేదు. పిమ్మట కొన్ని వారములు శయ్యమీదనే యుండెను. మనస్సునకు ఉద్వేగము కలిగింపరాదని వైద్యుల కట్టడ. ఆ దినములందు ఫానీకి వ్రాసిన చిన్న చిన్న చీటీలు పెక్కులు మిగిలియున్నవి.

గృహము నెఱుగక యీ చీటీలను చదువువాడు తప్పక పొరబడును. లేఖ యన్నచో దూరము తోచును. మన సంప్రదాయమున సందేశమునకు దూరమే హేతువు. రామగిరికిని అలకకును నడుమ దేశమంతయు నుండబట్టియే యక్షునకు మేఘము కావలసివచ్చెను. ఇచ్చట నాయకునకు నాయికకు నడుమ నున్నది దేశము కాదు, ఒక గోడ. ఆమె తోటలో నడచుట కిటికీనుండి కానవచ్చును. పొరుగుననే యున్నదానికి వ్రాసిన చీటీలవి. అట్లని తెలిసినపిదప వానిలోని మాటలకు వేఱు రుచి కలుగును. ఒక్క నిమిషము వచ్చిపొమ్మనుట, నేడు రావలదనుట, కిటికీవద్ద కనబడుమనుట మొదలగునవి దూరస్థుని విలాపములు కావు. సామీప్యమే బాధయైనవాని పలుకులు. విప్రలంభము దూరముచేతనే కలుగునని తలంచువారికి ఇది విచారణీయమైన లక్ష్యము. ఈ జ్ఞానము లేఖలలో సూచితమై యున్నను, గోడయొద్ద నిలిచినవానికే దృఢమగును. కావున గృహము ప్రమాణము కాదను పూర్వపక్షము ఇచ్చట కొంత సడలుచున్నది.

అయితే నేడు సందర్శకుడు ఆ యింటికి పోయినచో గోడ యెట్లున్నది? 1838-39 నడుమ ఎలైజా చెస్టరు అను నటి రెండు భాగములను తీసికొని యొక్క యిల్లుగా కలిపించెను. ప్రక్కను పెద్దగది యొకటి చేర్పించెను. నాడు దాటరాని చోటును నేడు సందర్శకుడు నాలుగడుగులలో దాటును. కీట్సు గదినుండి ఫానీ కుటుంబము వసించిన గదులకు బయటకు రాకయే పోవచ్చును. ఏ గోడ లేఖలకు కారణమో ఆ గోడ యచ్చట తెరవబడినది.

వ్యాకరణమున నిట్టి స్థితికి పేరున్నది. ప్రసక్తమైనదాని యదర్శనము లోపము. లోపమన్నంతమాత్రమున దాని ప్రభావము పోయినదని పాణిని యొప్పుకొనడు. ప్రత్యయము లోపించినను తన్నిమిత్తకమైన కార్యము నిలుచునని యాయన శాసనము. ‘అగ్నిచిత్’ అను పదమున క్విప్ ప్రత్యయము సర్వము పోయినది. ఒక్క వర్ణమును మిగులలేదు. అయినను దానినిబట్టి వచ్చిన తకారము పదము చివర నిలిచియున్నది. క్విప్పును ఎఱుగనివాడు ఆ తకార మెందులకు వచ్చెనో చెప్పజాలడు. వెంట్‌వర్త్ ప్లేసులోని గోడయు నట్టిదే. గోడ కనబడదు, చీటీలు నిలిచినవి. గోడ నెఱుగనివాడు ఆ చీటీలు ఎందులకు పుట్టెనో చెప్పజాలడు. కాబట్టి యా గృహమున చూపదగిన వస్తువులలో ముఖ్యమైనది అచ్చట లేని వస్తువే. ‘ఇచ్చట గోడ యుండెడిది’ అని చెప్పు పలక యొకటి, అద్దాలపెట్టెలోని పది వస్తువులకంటె నెక్కుడు విద్య నేర్పును.

ఇంక నాదేశములు. కీట్సు కూర్చుండి చదువుకొనిన గది నేడు సెవర్ను చిత్రించిన పటము ననుసరించి యమర్పబడియున్నది. ఆ పటమున కవి యొక కుర్చీలో కూర్చుండి, రెండవ కుర్చీపై మోచేయి మోపి, చేతిని తలకానించుకొని చదువుచుండును. పటము కవి జీవించియుండగా వ్రాసినది కాదు. 1821, 1823 సంవత్సరముల నడుమ, కవి మరణానంతరము, సెవర్ను రోములో నుండి స్మృతిచే వ్రాసినది. సెవర్ను కవిని ఆ యింట చూచినవాడు గనుక నాతని సాక్ష్యము తీసివేయరాదు. కాని యొక ప్రమాదము కలదు. సందర్శకుడు గదిని చూచి, పిదప పటమును చూచి, ‘ఆహా, పటము సరిగా నున్నది, కుర్చీలు అట్లే యున్నవి’ అనును. కుర్చీలు పటమునుబట్టి యుంచబడినవి గదా! పటము గదికి ప్రమాణము, గది పటమునకు ప్రమాణము అన్నచో అన్యోన్యాశ్రయదోషము తప్పదు. ఈ దోషము కుర్చీలను తీసివేసినందున పోదు. కుర్చీలు ఎందునుబట్టి యుంచబడెనో చెప్పినందున పోవును.

తోటలోని రేగువృక్షజాతిది కాని తియ్యని ప్లమ్ము చెట్టు కథ యింకను చిక్కైనది. కోకిలవలె రాత్రులందు పాడు నైటింగేలు పక్షిని గూర్చిన ప్రసిద్ధగీతము 1819లో నాతోటలో నొక ప్లమ్ము చెట్టుక్రింద వ్రాయబడినదని బ్రౌను చెప్పెను. ఉదయభోజనమైన పిదప కవి యొక కుర్చీని పచ్చికపై వేసికొని రెండుమూడు గంటలు కూర్చుండి, పిదప నాలుగైదు కాగితపు తునుకలను పుస్తకముల వెనుక త్రోయుచుండగా తాను చూచి, వానిని వరుసపఱచితినని యాతని కథనము. ఈ వాక్యము సంఘటన జరిగిన సుమారిరువదియేండ్లకు వ్రాయబడినది. 1848లో మిల్న్సు అను పండితుడు ప్రకటించిన కవిచరిత్రమున చేరి లోకమున వ్యాపించెను. ఆ యింటి రెండవ యజమానియగు డిల్కు దానిని చదివి కేవలభ్రాంతి యని తోసివేసెను. గీతముయొక్క స్వహస్తలిఖితము కేంబ్రిడ్జిలోని ఫిట్జ్‌విలియం ప్రదర్శనశాలలో నున్నది. అది నాలుగైదు తునుకలు కాదు, రెండు కాగితములు.

ఇట్టిచోట విమర్శకుడేమి చెప్పవలయును? సాక్షులిద్దఱు కవికి మిత్రులే. ఇద్దఱును ఆ గృహమునకు కర్తలే. వ్రాతప్రతి యొకని మాటతో పూర్తిగా కలియదు. తునుకల సంఖ్య తప్పినంతమాత్రమున చెట్టు లేదనరాదు. ఇరువదియేండ్ల స్మృతి సంఖ్యను తప్పియు స్థలమును తప్పకపోవచ్చును. కాని సిద్ధాంతమని చెప్పుటకును వీలులేదు. దీనిని ‘బ్రౌను చెప్పిన కథ’ యని మాత్రమే వ్యవహరింపవలయును. నేడు తోటలో నున్నది నాటి చెట్టు కాదు. దానికి మాఱుగా నాటబడినది. స్థాని యున్నచోట గదా ఆదేశము. ఇచ్చట స్థానియే సందిగ్ధము. ఆదేశము మాత్రము పూచి కాయుచున్నది! చెట్టును నఱుకవలెనని దీని తాత్పర్యము కాదు. చెట్టు నీడ నిచ్చును, బాలురకు గీతమునందు ఆదరము పుట్టించును. అది యథార్థమైన ప్రయోజనమే. ఐనను ఆదరమును పుట్టించుట వేఱు, అర్థమును నిర్ణయించుట వేఱు. గీతమును తెఱచి చూచినచో అందలి వనము చీకటివనము. కాళ్లయొద్ద నేపూవులున్నవో కవికే కానరాదు. ఉదయకాలమున పచ్చికపై వేసిన కుర్చీ దానికి వ్యాఖ్యానము కానేరదు. తోటనుండి కవి యెంత విడిచెనో తెలిసికొనుటకు మాత్రము తోట యుపకరించును.

ఇట్లు సందిగ్ధములు కొన్ని యున్నను, ఆ గృహసంగ్రహమున నిస్సందిగ్ధములును గలవు. షేక్స్పియరు నాటకముల ప్రాచీనముద్రణమునకు ప్రతిబింబముగా 1808లో వెలువడిన గ్రంథమును కీట్సు చదివి, గీతలు గీచి, అంచులందు వ్రాసికొనెను. లియరు రాజు నాటకమును మరల చదువ మొదలిడుచు తాను రచించిన పద్యమును, ఆ నాటకము మొదటిపుటకు ఎదురుగా నున్న ఖాళీచోట వ్రాసికొనెను. పండితునకు దర్శనీయమైన వస్తువు ఇదియే. ఇందు స్థానియు నిదియే, ఆదేశము లేదు. ఒక మహాకవి మఱియొక మహాకవిని ఎట్లు చదివెనో యా గీతలు చూపును. కవి కుర్చీ కవి దేహమునకు ఆధారము. కవి చదివిన గ్రంథము కవి బుద్ధికి ఆధారము. అధికరణము మూడు విధములని శాస్త్రము. చాపపై కూర్చుండుట యొకటి. మోక్షమున నిచ్ఛ కలుగుట యొకటి. నువ్వులలో నూనె యుండుట యొకటి. కవి యింటిలో నుండుట చాపపై కూర్చుండుట వంటిది. లేచిపోయినచో సంబంధము తెగును. భాషలో కవి యుండుట నువ్వులలో నూనె వంటిది. ప్రదర్శనశాలలు మొదటిదానిని చూపుటయందు నిపుణములు. గీతలుపడిన యీ గ్రంథమువంటిది దొరికినపుడు మాత్రమే మూడవదాని జాడ కొంచెము చూపగలవు.

ఇంక రోములోని గృహము. 1820 సెప్టెంబరులో కీట్సు చిత్రకారుడైన సెవర్ను తోడుగా ఓడయెక్కెను. ఇటలీదేశపు ఎండ రోగమునకు మందగునని వైద్యుల యాశ. అక్టోబరు 21వ తేదీని నేపుల్సు రేవు చేరినను, పది దినములు ఓడలోనే నిలుపబడి, నవంబరు నడుమ రోము చేరెను. స్పెయిన్ చౌకమున 26వ సంఖ్యగల యింటిలో, మెట్లవరుస ప్రక్కనే, గదులు కుదిరినవి. కవి పండుకొనిన గది చిన్నది. కిటికీనుండి మెట్లును, క్రింద పడవ యాకారముగల నీటియూటయు కనబడును. మూడు నెలలు గడచినపిదప ఆ గదిలోనే ప్రాణము విడిచెను.

క్షయ యంటురోగమని నాటి రోము శాసనము. కవి మరణింపగానే యధికారులు గదిలోని సామానులను తగులబెట్టించిరి, గోడలు గీకించిరి. కావున నేడు గదిలో కవి చూచినవి యేవి యన్నచో, పైకప్పునందలి పూవుల పలకలును, నిప్పుగూడును మాత్రమే. పడక నాటి పద్ధతినిబట్టి తెచ్చి యుంచినది. 1906లో నా గృహము అమెరికనులు, ఆంగ్లేయులు, ఇటలీవారు కూడి సమకూర్చిన ధనముతో కొనబడి, 1909లో ప్రదర్శనశాలగా తెఱువబడినది.

ఆ పడకయెడ సందర్శకుడు ఎట్లు మెలగవలయును? దీనికిని పాణిని మార్గము చూపెను. ఆదేశము స్థానివలె నగును. కాని వర్ణాశ్రయమైన విధియందు కాదు. ‘కృత్వా’ యందలి క్త్వాకు ‘ప్రకృత్య’ యందు ల్యప్పు ఆదేశమగును. క్త్వాంతమునకు గల యవ్యయత్వము ల్యబంతమునకును చెల్లును. అయితే ‘ద్యౌః’ అనుచోట వకారమునకు వచ్చిన ఔకారమును హల్లుగా నెంచి సులోపము చేయరాదు. ఏలయన నట్టి కార్యము వర్ణముయొక్క స్వరూపమును ఆశ్రయించినది. రోములోని పడకకు నిదియే నియమము. పడక యెచ్చట నుండెను, కిటికీ కెంత చేరువ, రోగికి కప్పునందలి పూవులు కనబడెనా యను ప్రశ్నలకు ఆదేశమైన పడక స్థానివలె సమాధానమిచ్చును. కాని ‘కవి శరీరము తాకిన కొయ్య’ యని దానికి చేయి మోపి నమస్కరించుట వర్ణాశ్రయవిధి, అది చెల్లదు. నమస్కారము చేయదలచినవాడు తల పైకెత్తి కప్పుకు చేయవలయును. క్రిందినుండి వినవచ్చు నీటిచప్పుడును ఆదేశము కాదు.

రోము గృహమున మఱియొక దోషము కూడ నున్నది. అది కీట్సు షెల్లీ స్మారకమని పేరుగన్నది. షెల్లీ యా యింట వసించినవాడు కాడు. కీట్సు మరణించినపుడు ఎలిజీ రచించినవాడు; 1822 జూలైలో సముద్రమున మునిగి మరణించి రోముననే విశ్రమించినవాడు. బైరనునకు సంబంధించిన వస్తువులును అచ్చట కలవు. స్మారకమునకు ఇది దోషము కాకపోవచ్చును. గృహమను లక్షణమునకు మాత్రము అతివ్యాప్తి. విద్యార్థి ముగ్గురు కవులు ఒక్క యింట వసించిరని తలంచినచో తప్పు వానిది కాదు. అయినను ఆ గృహపాలకుల శ్రద్ధ కొనియాడదగినది. రెండవ ప్రపంచయుద్ధమున అమూల్యవస్తువులను రెండు పెట్టెలలో నుంచి మాంటే కస్సినో మఠమునకు పంపిరి. 1943లో నచ్చటి సన్న్యాసి యొకడు వానిని తిరిగి రోమునకు చేర్చెను. 1944 ఫిబ్రవరిలో నా మఠము బాంబులచే నేలమట్టమయ్యెను. కొన్ని నెలలు ఆలస్యమైయున్నచో చూపుటకు ఏమియు నుండెడిది కాదు.

ఇప్పుడు రెండు గృహములను కలిపి చూడవలయును. హాంప్‌స్టెడ్డులో గోడ యడ్డమై యుండగా చీటీలు దినదినమును నడచినవి. రోములో నున్నపుడు ఫానీ వ్రాసిన లేఖలు వచ్చినవి. చివరిదినములలో వచ్చినవానిని విప్పుటకు కవికి ధైర్యము చాలలేదు. విప్పకయే తనతో సమాధిచేయుమని కోరెను. సెవర్ను అట్లే చేసెను. కవికి ఫానీ వ్రాసిన లేఖ యొక్కటియు నేడు లోకమునకు లభించుటలేదు. ప్రత్యయము లోపించినను కార్యము నిలుచునని చెప్పిన పాణినియే, లుక్ మున్నగు శబ్దములచే పోయినచోట అంగకార్యము నిలువదని నిషేధము చెప్పెను. ‘గార్గ్యః, గార్గ్యౌ’ అనుచోట్ల కనబడు వృద్ధి ‘గర్గాః’ అను బహువచనమున కానరాదు, ప్రత్యయము లుక్కైనది, దానితో దాని గుర్తును పోయినది. గోడ పోవుట లోపము. దాని కార్యము లేఖలందున్నది. ఫానీ లేఖలు పోవుట లుక్కు. ఆమె యేమి వ్రాసెనో యూహించుటకు ఆధారము లేదు. ఈ భేదము నెఱుగని చరిత్రకారులు చిరకాలము ఆమెను హృదయములేనిదిగా నిందించిరి. లేని లేఖలకు తమ యూహలను ఆదేశముగా నుంచి, ఆదేశమునకు స్థానివద్భావము కల్పించుటచే కలిగిన యపచార మది. ఇది వ్యాకరణవినోదము కాదు. ఒక స్త్రీ కీర్తికి సంబంధించిన విషయము.

సమాధిశిలయందును ఇట్టి పాఠమే కలదు. తన పేరును, తేదీని చెక్కవలదనియు, తన నామము నీటిపై వ్రాతయని తెలుపు నొక్క వాక్యము మాత్రము చాలుననియు కీట్సు కోరెను. శిలపై కవి పేరు నేటికిని లేదు. అయితే సెవర్నును బ్రౌనును శత్రువుల దౌష్ట్యమునుగూర్చి తమ మాటలను పైన చేర్చిరి. స్నేహముచే చేసినదే, ఐనను ప్రక్షిప్తము ప్రక్షిప్తమే. కవి యొక్క వాక్యము కోరగా మిత్రులు దానికి పీఠికను తగిలించిరి. నేటి సందర్శకుడు ఆ కోపము కవిది యనుకొని చదువుచున్నాడు. ప్రక్షేపములు శత్రువులవలన కంటె ప్రేమించినవారివలననే యెక్కువగా కలుగుచున్నవని మన గ్రంథపరిష్కర్తలకు తెలియని సంగతి కాదు.

కావున సిద్ధాంతము. కవిగృహము కావ్యమునకు వ్యాఖ్యానము కాదు. కవి వ్రాసిన లేఖాదులకు అధికరణమును తెలుపుటచే ఉపకారకము. ఆ యుపకారమును గృహము చేయవలెనన్నచో పరిష్కృతగ్రంథమునందువలె నందలి ప్రతివస్తువునకు గుర్తు వేయవలయును. కవినాటిది యేది, తరువాత తెచ్చినది యేది, పోయినది యేది యని మూడు గుర్తులు చాలును. వీనిలో మూడవదే మిక్కిలి యుపేక్షింపబడుచున్నది. ఉన్నదానికి పలక వ్రాయుట సులభము. లేనిదానికి పలక వ్రాయుటకు వివేకము కావలయును. ఇల్లే కూలినచో నిదంతయు వట్టిమాట. 1920-21లో వెంట్‌వర్త్ ప్లేసును పడగొట్టి వేఱు కట్టడములు లేపవలెనని యత్నము జరిగెను. పలువురు చందాలిచ్చి కొనిరి. అందు అమెరికనుల భాగము మెండు. 1925 మే 9వ తేదీని అది ప్రజలకు తెఱువబడెను. చందాలు రాకున్నచో గోడ యెచ్చట నుండెనో చెప్పుటకు చోటే యుండెడిది కాదు, లోపము లుక్కైయుండెడిది.

మన గృహములకును నీ నియమము చెల్లును. రాజమహేంద్రవరమున పంతులుగారి యింట 1881 డిసెంబరు 11వ తేదీని ప్రథమ వితంతువివాహము జరిగెను. నాటి పందిరి నేడు లేదు. కాని యా పందిరి కార్యము దేశమంతట నిలిచినది. అచ్చటికి బాలురను తోడ్కొనిపోవు నుపాధ్యాయుడు ముందుగా చూపవలసినది పందిరి లేని యా చోటు. విజయనగరపు గృహమునకు పోవువాడు కన్యాశుల్కము 1897 నాటి ప్రథమముద్రణమును, 1909 నాటి ద్వితీయముద్రణమును ప్రక్కప్రక్కన నుంచుకొని చదివిపోవుట మేలు. పండ్రెండేండ్లలో నా నాటకము ఎంత పెరిగెనో, ఏది యుంచబడెనో, ఏది తీసివేయబడెనో గ్రహించినవానికి ఆ యింటి గోడలు కొంత మాటలాడును. వ్యావహారికవాదమునందు అప్పారావుగారితో నేకీభవింపని పండితుడును అచ్చటికి పోవచ్చును. ఇంటిని చూచుటకు మతైక్యము అక్కఱలేదు. పాఠమునెడ నిజాయితీ యున్న చాలును.

పూర్వులు గృహములను కాపాడక గ్రంథములను కాపాడిరి. ఆ క్రమము మాఱరాదు. గ్రంథము ముందు, గృహము వెనుక. గ్రంథమును చదివి పోయినవానికి గృహమున లేనిదియు కనబడును. చదువక పోయినవానికి ఉన్నదియు కనబడదు.